మౌస్‌కి వైరు వద్దు, కీబోర్డ్‌కి ఉండనివ్వండి

కొత్తగా పీసీ బిల్డ్ చేయించుకునే కుర్రాళ్లు ప్రాసెసర్ గురించీ గ్రాఫిక్స్ కార్డ్ గురించీ నెలల తరబడి వీడియోలు చూసి, అన్నీ తేల్చుకుని, డబ్బు దాదాపు అయిపోయాక నన్ను అడిగేది ఒకటుంది: "అన్నా, మౌసూ కీబోర్డూ వైర్‌వి తీసుకోవాలా, వైర్‌లెస్ తీసుకోవాలా?" రెండింటికీ కలిపి ఒకే జవాబు ఉంటుందన్నట్టు అడుగుతారు. షాపుల్లో కాంబో అని రెండూ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతారు కాబట్టి అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. నా జవాబు మాత్రం రెండు ముక్కలు. మౌస్ వైర్‌లెస్ కొనండి. కీబోర్డ్ వైర్‌ది కొనండి.

ఇది విన్న చాలామంది నేను తిరగేసి చెప్తున్నానేమో అనుకుంటారు. షూటింగ్ గేమ్‌లో గురి పెట్టేది మౌస్‌తోనే కదా, దానికే వైరు తీసేయమంటాడేంటి, కీబోర్డ్ కాస్త ఆలస్యమైనా పర్వాలేదు గానీ మౌస్ ఆలస్యమైతే ఎలా అని వాళ్ల అనుమానం. అసలు ఆలస్యం లెక్కతో మొదలుపెట్టడమే పొరపాటని నా వాదన. అయినా అందరూ అక్కడే మొదలుపెడతారు కాబట్టి నేనూ అక్కడి నుంచే వస్తాను.

"వైర్‌లెస్ అంటే లాగ్" అనే మాట ఊరికే పుట్టలేదు. మా విశాఖలో ద్వారకా నగర్ సందుల్లో, మద్దిలపాలెం చుట్టుపక్కల నెట్ సెంటర్లు గంటకింత అని నడిచిన రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే షూటింగ్ గేమ్ ఆడినవాళ్లు ఆ మాట అనుభవంతోనే అన్నారు. నెట్ సెంటర్లో ఉండేవన్నీ వైర్ మౌస్‌లే. కొన్నింటికి అడుగున రబ్బరు బంతి ఉండేది. లోపలి రోలర్ల మీద పేరుకున్న మట్టిని గోటితో గీకి గానీ ఆట మొదలయ్యేది కాదు. వైర్‌లెస్ మౌస్ అంటే ఎవరో ఆఫీసు నుంచి తెచ్చి చూపించే వింత వస్తువు. దాంతో ఆడితే గురి ఒక చోట, తూటా ఒక చోట. అప్పటి వైర్‌లెస్‌లు ఎక్సెల్ షీట్ల కోసం చేసినవి మరి. సెల్లు ఎక్కువ రోజులు రావాలని, కాసేపు కదపకపోతే నిద్రపోయేవి. మళ్లీ కదిపితే లేవడానికి ఓ క్షణం పట్టేది. గోడ మూల నక్కి కాపు కాసేవాడి రౌండ్ పోవడానికి ఆ క్షణం చాలు.

వైరు లేకుండా చేయాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1983లో ఐబీఎం ప్రకటించిన పీసీజూనియర్‌కి ఇన్‌ఫ్రారెడ్ కీబోర్డ్ ఉంది. లాజిటెక్ 1991లోనే రేడియోతో పనిచేసే మౌస్ అమ్మింది. ఆటలకి పనికొచ్చే వైర్‌లెస్ రావడానికి ఆ తర్వాత పాతికేళ్లు పట్టింది. కారణం రేడియో వేగం కాదు. రేడియో తరంగం టేబుల్ మీది రెండడుగులు దాటడానికి పట్టే సమయం లెక్కలోకే రాదు. మౌస్ "నేను ఇంత జరిగాను" అని కంప్యూటర్‌కి సెకనుకు ఎన్నిసార్లు చెప్తుందన్నదే అసలు విషయం. దాన్నే పోలింగ్ రేటు అంటారు, హెర్ట్జ్‌లలో చెప్తారు. మామూలు ఆఫీసు మౌస్ సెకనుకు 125 సార్లు చెప్తుంది, అంటే 8 మిల్లీసెకన్లకి ఒకసారి. గేమింగ్ మౌస్ 1000 సార్లు చెప్తుంది, అంటే మిల్లీసెకనుకి ఒకసారి. గాలిలోంచి వెయ్యి సార్లు తప్పిపోకుండా చెప్పాలంటే కరెంటు ఎక్కువ కావాలి. కరెంటు ఎక్కువ కావాలంటే బ్యాటరీ పెద్దది కావాలి, బ్యాటరీ పెద్దదైతే మౌస్ బరువెక్కుతుంది. ఇన్నేళ్లూ ముడి పడింది అక్కడ.

ఆ ముడి విప్పింది తక్కువ కరెంటుతో పనిచేసే సెన్సర్లు. లాజిటెక్ జీ900 2016లో వచ్చింది. 2018లో వచ్చిన జీ ప్రో వైర్‌లెస్ 80 గ్రాములు. మరుసటి ఏడాది రేజర్ వైపర్ అల్టిమేట్ 74 గ్రాములు. 2020 చివర్లో వచ్చిన లాజిటెక్ సూపర్‌లైట్ 63 గ్రాముల లోపు. అప్పటికి ఎన్నో వైర్ మౌస్‌ల కంటే వైర్‌లెస్ మౌసే తేలిక. ఆలస్యంలో, డాంగిల్‌తో (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్) పనిచేసే మంచి 2.4 గిగాహెర్ట్జ్ మౌస్‌కీ మంచి వైర్ మౌస్‌కీ ఉన్న తేడా ఒక మిల్లీసెకను అటూఇటూ. ఇప్పుడు పెద్ద టోర్నమెంట్లలో ప్రో ఆటగాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది వైర్‌లెస్సే. లక్షల డాలర్లు పణంగా పెట్టి ఆడేవాళ్లు వాడుతున్నదాన్ని కింది మెట్టు సిల్వర్ ర్యాంకులో ఉన్న మనం "లాగ్ కొడుతుంది" అని పక్కన పెట్టడం నాకు కొంచెం నవ్వొచ్చే విషయం.

ఒక మినహాయింపు, గట్టిగా చెప్పాల్సింది: బ్లూటూత్. పేరుకి అది కూడా వైర్‌లెస్సే, వాడేది కూడా ఆ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండే. కానీ లో ఎనర్జీ బ్లూటూత్ మామూలుగా అతి తక్కువ అంటే 7.5 మిల్లీసెకన్లకి ఒకసారి మాట్లాడుకుంటుంది. అంటే మళ్లీ నెట్ సెంటర్ కాలం ఆఫీసు మౌస్ దగ్గరికే వచ్చాం. చాలా మౌస్‌లకి అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు బ్లూటూత్, ఒక వైపు డాంగిల్. తెలియక బ్లూటూత్‌లో పెట్టి ఆడుతూ వైర్‌లెస్‌ని తిట్టుకునేవాళ్లు నాకు తారసపడుతూనే ఉంటారు. ఆటకి డాంగిలే.

సరే, ఆ ఒక్క మిల్లీసెకను తేడా నిజమే అనుకుందాం. దాన్ని విశాఖలో కూర్చుని చూడండి. ఇప్పుడు కుర్రాళ్లు ఆడే షూటింగ్ గేమ్ వాలరెంట్, దాని సర్వర్ ఉన్నది ముంబైలో. ఇక్కడి నుంచి ముంబైకి తిన్నగా గీత గీస్తే సుమారు 1,100 కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్లో కాంతి మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. అంటే కేబుల్ ఎక్కడా మలుపు తిరక్కపోయినా, మధ్యలో ఏ పరికరమూ అడ్డు రాకపోయినా, పోయి రావడానికే 11 మిల్లీసెకన్లు. నిజంలో కేబుల్ రోడ్లూ రైలు పట్టాలూ పట్టుకుని ఊళ్లు తిరుగుతూ పోతుంది కాబట్టి మా ఇంట్లో పింగ్, అంటే సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం, మంచి రోజున నలభై మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. సాయంత్రం అపార్ట్‌మెంట్ అంతా సినిమాలు పెట్టుకున్నాక అది కుదురుగా ఉండదు, గంతులేస్తుంది. కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లకి చెన్నై సర్వర్ దొరికితే కాస్త నయం, అది 600 కిలోమీటర్లే.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని, సముద్రం అడుగు నుంచి కేబుల్ కూడా ఇక్కడ ఒడ్డుకి చేరుతుందని ప్రకటించినప్పుడు మా గ్రూపులో కుర్రాళ్లు "ఇక మన పింగ్ ఐదే మావా" అని పండగ చేసుకున్నారు. డేటా సెంటర్ గూగుల్‌ది. గేమ్ కంపెనీ తన సర్వర్‌ని ఇక్కడ పెట్టేదాకా మన తూటా ముంబై వెళ్లి రావాల్సిందే.

తర్వాత మానిటర్. 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది. 144 హెర్ట్జ్ అయితే 6.9. ఇక మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు, కంటితో చూసి వేలు నొక్కడానికి 200 మిల్లీసెకన్లు అటూఇటూ తీసుకుంటాడు. హాల్లో ఉన్న రౌటర్ నుంచి రెండు గోడలు దాటి వచ్చే వైఫైతో పీసీ నడుపుతూ, 60 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చుని, మౌస్‌కి మాత్రం వైరు ఉండాల్సిందే అని పట్టుబట్టడం చూస్తే, గాజువాక జంక్షన్ ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్నవాడు ఇంటికొచ్చాక టైమ్ కలిసొస్తుందని మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కినట్టు ఉంటుంది. వైరు మీద అంత నమ్మకం ఉంటే ముందు నెట్‌కి వేయండి. రౌటర్ నుంచి పీసీ దాకా ల్యాన్ కేబుల్, గోడ వెంబడి క్లిప్పులు కొట్టి లాగించండి. మౌస్ మార్చినా కనిపించని తేడా అక్కడ మొదటి సాయంత్రమే కనిపిస్తుంది.

ఇక్కడితో ఆలస్యం గొడవ వదిలేస్తాను. వైర్ మౌస్‌తో అసలు బాధ టేబుల్ మీద ఉంది.

లెక్క చూడండి. వాలరెంట్‌లో 800 డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే ఎన్ని చుక్కల కదలిక పంపుతుందో ఆ లెక్క), 0.4 సెన్సిటివిటీ (ఆ కదలికకి ఆటలో ఎంత తిరగాలో చెప్పే సెట్టింగ్) పెట్టుకుంటే ఆటలో పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మౌస్ సుమారు 41 సెంటీమీటర్లు జరగాలి. వెనక్కి తిరిగి చూడాలంటేనే ఇరవై సెంటీమీటర్లు. గురి కుదిరిన ఆటగాళ్లు ఎక్కువమంది ఇంచుమించు ఇలాంటి సెట్టింగ్‌లోనే ఆడతారు. అంటే మణికట్టుతో ఆడే ఆట కాదిది, మోచేయి తిరగాలి. ఇప్పుడు ఎంవీపీ కాలనీలోనో మద్దిలపాలెంలోనో ఒక పీజీ హాస్టల్ టేబుల్‌ని తలుచుకోండి. గోడకి ఆనించిన చిన్న టేబుల్. మానిటర్ స్టాండ్ సగం వెడల్పు తినేసింది. ఎడమ పక్క కీబోర్డ్, దాని వెనక వాటర్ బాటిల్, ఫోన్ చార్జర్. మిగిలిన చోట ప్యాడ్. మౌస్ ముక్కు నుంచి వచ్చిన వైరు ప్యాడ్ పైఅంచు దాటి, మానిటర్ స్టాండ్ కాలు పక్కగా పోయి, టేబుల్ వెనక అంచు నుంచి కిందికి వేలాడుతుంది.

వేలాడే ఆ ముక్క బరువుతో వైరు ఎప్పుడూ వెనక్కే లాగుతుంటుంది. ముందుకి కాస్త వదులు చేసి పెట్టుకుంటే, ఆట మధ్యలో మెల్లమెల్లగా జారి మళ్లీ బిగుసుకుంటుంది. కుడివైపు గట్టిగా తిప్పినప్పుడు వైరు వంగి ప్యాడ్ అంచుకి రాసుకుంటుంది. ఎడమవైపు తిప్పితే స్టాండ్ కాలికి తగులుతుంది. ఆ అడ్డు పెద్దదేం కాదు, వేలితో తోస్తే తెలియనంత. కానీ ఒక్కో వైపు ఒక్కోలా, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మౌస్ ఎప్పుడూ ఒకే బరువుగా ఉంటే, వంద గ్రాములైనా సరే, చెయ్యి వారంలో అలవాటు పడుతుంది. కాసేపు తేలిగ్గా కాసేపు పట్టేసినట్టు ఉంటే ఎన్నేళ్లు ఆడినా అలవాటు పడదు. గురి నాలుగు పిక్సెళ్లు దాటిపోయిందంటే సెన్సర్ తప్పు, ప్యాడ్ తప్పు, సర్వర్ తప్పు అని వెతుకుతాం గానీ టేబుల్ వెనక ఏం జరుగుతోందో వంగి చూడం.

దీనికి మందులు ఉన్నాయి. వైరుని పైకెత్తి పట్టుకునే బంజీ అని చిన్న స్టాండ్ దొరుకుతుంది. మెత్తటి పారాకార్డ్ వైరు వేయించుకోవచ్చు. పైసా ఖర్చు లేకుండా కావాలంటే, చెయ్యి ఎంత దూరం పోతుందో చూసుకుని అంత వదులు ఉంచి, వైరుని మానిటర్ స్టాండ్‌కి టేపు వేసి అంటించేయండి. వైర్ మౌస్ ఉన్నవాళ్లు ఈ వాక్యం చదవగానే లేచి చేయొచ్చు, సగం బాధ పోతుంది. మిగతా సగం పోవడానికే వైర్‌లెస్.

వైర్‌లెస్ వాడేవాళ్లకి తగిలే నిజమైన కష్టం వేరే ఉంది, అది మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. మధురవాడలో ఉండే ఒక స్నేహితుడి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త మౌస్ ఎగిరిపోతోంది. ఒక్కోసారి కర్సర్ ఆగిపోయి, మళ్లీ ఎక్కడో తేలుతోంది. షాపులో రిటర్న్ తీసుకోరంట." వెళ్లి చూశాను. క్యాబినెట్ టేబుల్ కింద, గోడకి ఆనించి ఉంది. డాంగిల్ క్యాబినెట్ వెనక పెట్టాడు, ముందు పెడితే కాలు తగులుతుందని. దాని పక్కనే, ఆనుకున్నట్టు, నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. గేములన్నీ అందులోనే. టేబుల్ కాళ్లూ చట్రమూ ఇనుము. ఫోన్‌లో వైఫై లిస్టు తెరిస్తే వేలితో తోస్తున్న కొద్దీ పేర్లు, ఫ్లాట్ నంబర్లు పెట్టుకున్నవి, ఇంటిపేర్లు పెట్టుకున్నవి, కంపెనీ ఇచ్చిన పేరు మార్చనివి.

నీలం పోర్టు సంగతి చాలామందికి తెలియదు. యూఎస్‌బీ 3.0 డేటా పంపేటప్పుడు దాని వైర్ల నుంచీ కనెక్టర్ నుంచీ రేడియో రొద బయటికొస్తుంది. సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. ఇది పుకారు కాదు, ఇంటెల్ కంపెనీయే 2012లో పరీక్షలు చేసి పత్రం ప్రచురించింది. అందుకే ఆ అబ్బాయి మౌస్ ఎప్పుడూ ఎగిరేది కాదు, హార్డ్ డిస్క్ నుంచి మ్యాప్ లోడ్ అవుతున్నప్పుడు, గేమ్ అప్‌డేట్ అవుతున్నప్పుడు ఎగిరేది. పైగా 2.4 బ్యాండ్‌ని మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. దాంతో వైఫై, బ్లూటూత్, డాంగిల్ అన్నీ అక్కడే చేరాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ అక్కడే.

మౌస్ డబ్బా తెమ్మన్నాను. అడుగున, ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు ఉంది. ఒక చివర క్యాబినెట్ ముందు పోర్టులో, రెండో చివర డాంగిల్ గుచ్చి ప్యాడ్ పైఅంచు దగ్గర, మౌస్‌కి జానెడు దూరంలో పెట్టాం. హార్డ్ డిస్క్ నుంచి ఒక పెద్ద ఫోల్డర్ కాపీ కొట్టిస్తూనే ఆడమన్నాను. ఎగరలేదు. "మరి ఇది వైర్‌లెస్ ఎలా అయింది అన్నా, మళ్లీ వైరు పెట్టాం కదా?" అన్నాడు. పెట్టాం, కానీ ఆ వైరు కదలదు. పనిలో పనిగా ల్యాప్‌టాప్‌నీ ఫోన్లనీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చేశాం.

ఇక కీబోర్డ్. పైన మౌస్ గురించి చెప్పిందంతా ఇక్కడ తలకిందులవుతుంది. కీబోర్డ్ కదలదు. ఒకసారి పెట్టాక దాని వైరు మానిటర్ వెనక నుంచి పోతుంది, ఏడాది పాటు దాన్ని చూడను కూడా చూడం. వైరు తీసేస్తే ఆటలో ఒరిగేదేమీ లేదు. పోయేవి మాత్రం చాలానే ఉన్నాయి.

మొదటిది డబ్బు. మీటల కింద అవే స్విచ్‌లు, అదే నాణ్యత ఉన్న కీబోర్డ్ వైర్‌లెస్ అయ్యేసరికి వెయ్యో రెండు వేలో పెరుగుతుంది. ఆ డబ్బుతో మంచి ప్యాడ్ వస్తుంది. రెండోది లైట్లు. కుర్రాళ్లకి ఆర్జీబీ లేకపోతే కీబోర్డ్ కీబోర్డే కాదు. బ్యాటరీ మీద నడిచే కీబోర్డ్‌లో ఆ లైట్లు పూర్తిగా పెడితే చార్జింగ్ చూస్తుండగానే దిగిపోతుంది. ఆర్పేసుకునేదానికి అన్ని రంగులు ఎందుకు కొన్నట్టు?

మూడోది, ఆట పరంగా అసలైనది: కీబోర్డుల్లో ఈ మధ్య జరిగిన మార్పంతా ఎక్కువగా వైర్ల వైపే జరిగింది. మామూలు మెకానికల్ స్విచ్, ఉదాహరణకి చెర్రీ రెడ్, మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర పనిచేస్తుంది. వేలు తీసినప్పుడు కూడా ఇంచుమించు ఆ గీత దాటి పైకొచ్చాకే "వదిలేశాడు" అని కంప్యూటర్‌కి తెలుస్తుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లకి అలాంటి స్థిరమైన గీత లేదు. మీట ఎంత లోతున ఉందో ఎప్పటికప్పుడు కొలుస్తుంటాయి. వేలు మిల్లీమీటరులో పదోవంతు పైకి లేచినా వదిలేసినట్టే లెక్క. దీన్ని ర్యాపిడ్ ట్రిగ్గర్ అంటారు. వూటింగ్ అనే డచ్ కంపెనీ దీన్ని జనంలోకి తెచ్చింది. వాలరెంట్‌లో పరిగెత్తుతూ ఠక్కున ఆగి కాల్చాలి కదా, ఆ ఆగడం దీంతో ఎంత తొందరగా అవుతుందో చేతికే తెలుస్తుంది. ఈ రకం కీబోర్డులు ఎక్కువ భాగం ఇప్పటికీ వైర్‌తోనే వస్తాయి, ఎందుకంటే ఎప్పుడూ కొలుస్తూ ఉండటానికి కరెంటు కావాలి. కీబోర్డ్ తెలివి మరీ ముదిరితే ఏమవుతుందో కూడా చూశాం. రేజర్ 2024లో స్నాప్ ట్యాప్ అని తెచ్చింది, ఎడమా కుడీ మీటలు రెండూ నొక్కి ఉన్నా ఆఖరున నొక్కినదాన్నే తీసుకుంటుంది. ఆ ఆగస్టులోనే వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో ఇలాంటివి వాడితే మ్యాచ్ నుంచి తీసేస్తామంది.

నాలుగోది ఆటకి సంబంధం లేనిది, నాకు మాత్రం ముఖ్యం. గేమింగ్ పీసీ అంటే మన ఇళ్లలో కేవలం ఆటలది కాదు. నాన్నగారి బ్యాంకు పనీ, అక్క పరీక్ష ఫీజూ, కరెంటు బిల్లూ అందులోనే. 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ రెండు సంగతులు బయటపెట్టింది. ఫిబ్రవరిలో, చాలా పెద్ద కంపెనీల మౌస్ డాంగిళ్లకి దూరం నుంచి ఎవరైనా, మనమే మీటలు నొక్కినట్టు దొంగ అక్షరాలు పంపవచ్చని. జులైలో, కొన్ని చవక వైర్‌లెస్ కీబోర్డులు కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఏ రహస్య లిపీ లేకుండా గాలిలోకి వదులుతున్నాయని, 250 అడుగుల దూరం నుంచి చదవొచ్చని. 250 అడుగులంటే మన అపార్ట్‌మెంట్లలో ఎదురు బ్లాకు కూడా వచ్చేస్తుంది. పేరున్న కంపెనీలు ఆ తర్వాత సరిచేశాయి, కొత్తవాటిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. కానీ పేరూ ఊరూ లేని వెయ్యి రూపాయల కాంబోలో ఏముందో డబ్బా మీద రాయరు. మౌస్ కదలికలు ఎవడో విన్నా పోయేదేం లేదు. పాస్‌వర్డ్ అలా కాదు.

శబ్దం గురించి ఒక్క మాట, వైరుతో సంబంధం లేకపోయినా. హాస్టల్లో ఉంటే నొక్కినప్పుడల్లా టకటకమనే బ్లూ స్విచ్‌లు కొనకండి. రూమ్‌మేట్ వైరు పీకేస్తాడు.

మన ఊరి గాలి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. బీచ్ రోడ్‌కి దగ్గరగా ఉండేవాళ్లకి తెలుసు, కిటికీ గొళ్లేలు ఎంత తొందరగా తుప్పు పడతాయో. ఏసీ లేని గదిలో మే నెలలో ఆడితే చేతి చెమట మౌస్ లోపలికి దారి వెతుక్కుంటుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు అయ్యే డబుల్ క్లిక్ జబ్బు వైర్‌దానికీ వైర్‌లెస్‌కీ ఒకటే, అది స్విచ్‌లోని రేకు పాడవడం వల్ల వచ్చేది. కాంతితో పనిచేసే ఆప్టికల్ స్విచ్‌లు ఉన్న మౌస్‌కి ఆ బెడద లేదు. వైర్‌లెస్‌కి అదనంగా ఉన్న బెడద సెల్లు. ఆల్కలైన్ సెల్లు అయిపోయి కూడా లోపలే ఉండిపోతే కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, స్ప్రింగు మీద తెల్లగా పొక్కు కట్టి రేకుని తినేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు, వేసవి సెలవులకి హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టండి.

డబ్బు దగ్గరికొస్తే నా సలహా వెంటనే మారిపోతుంది, దాచడం ఎందుకు. మౌసూ కీబోర్డూ కలిపి రెండు వేల లోపే అంటే, రెండూ వైర్‌వే. చర్చ లేదు. లాజిటెక్ జీ102 లాంటి వైర్ మౌస్‌ది 1000 హెర్ట్జ్, 85 గ్రాములు. అదే ధరలో "గేమింగ్ వైర్‌లెస్" అని డ్రాగన్ బొమ్మ వేసి అమ్మేవాటిలో చాలావరకు లోపల ఉండేది ఆ 125 హెర్ట్జ్ ఆఫీసు మౌసే, పైన లైట్లు. మూడు వేలు మౌస్‌కే పెట్టగలిగితే వైర్‌లెస్ వైపు రావచ్చు. బయటి దేశాల్లో జీ305 అనే పేరుతో అమ్మేదాన్ని మన దగ్గర జీ304 అంటారు. ఒక ఏఏ సెల్లుతో 250 గంటలని కంపెనీ మాట. సెల్లుతో కలిపి 99 గ్రాములు, అదే దాని లోపం. చిన్న ఏఏఏ సెల్లుని అడాప్టర్లో పెట్టి వేస్తే పది గ్రాముల దాకా తగ్గుతుంది. సెల్లు తొందరగా అయిపోతుంది, అయినా నేనైతే అలాగే వాడతాను.

"చార్జింగ్ మర్చిపోతే?" అనేవాళ్లకి: లోపల బ్యాటరీ ఉండే గేమింగ్ మౌస్‌లు దాదాపు అన్నీ చార్జింగ్ వైరు గుచ్చి ఆడుకోవచ్చు, అప్పుడది వైర్ మౌస్ అయిపోతుంది. సెల్లు మౌస్ అయితే డెస్కులో ఒక సెల్లు అదనంగా పడేసి ఉంచండి. ఇది అభ్యంతరం అనడానికి కూడా చాలదు. బ్యాటరీ ముసలిదైపోవడం మాత్రం నిజమైన అభ్యంతరమే. లిథియం బ్యాటరీ కొన్నేళ్లకి బలం తగ్గుతుంది, చాలా మౌస్‌లలో దాన్ని మార్చాలంటే అడుగున అంటించిన స్కేట్లు (మౌస్ జారడానికి ఉండే నున్నటి ముక్కలు) పీకి స్క్రూలు విప్పాలి. జీ102 వైరు తెగితే వీధి చివర రిపేరు కుర్రాడు అతికిస్తాడు. దీన్ని అతను ముట్టుకోడు. ఎనిమిదేళ్లు ఒకే మౌస్ వాడే రకం మీరైతే వైరు వైపు ఉండటంలో న్యాయం ఉంది.

ఈ మధ్య ఇంకో జాతర మొదలైంది, 8000 హెర్ట్జ్. వైపర్ వీ3 ప్రో లాంటివి వైర్‌లెస్‌లోనే సెకనుకు 8000 సార్లు చెప్తాయి, అంటే 0.125 మిల్లీసెకన్లకి ఒకసారి. కంపెనీ లెక్క ప్రకారమే ఆ మౌస్ 1000 హెర్ట్జ్‌లో 95 గంటలు, 8000లో 17 గంటలు నడుస్తుంది. పైగా ప్రాసెసర్‌కి అదనపు పని. ముంబై పోయి రావడానికి నలభై పట్టేచోట ఆ 0.875 మిల్లీసెకను కోసం రోజూ చార్జింగ్ పెట్టుకోవడం నా వల్ల కాదు. 240 హెర్ట్జ్ పైన మానిటర్ ఉండి, ల్యాన్ టోర్నమెంట్లు (అందరూ ఒకే హాల్లో కూర్చుని కేబుల్‌తో ఆడేవి) ఆడేవాళ్లు వాదిస్తే వింటాను.

కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడండి. 1000 హెర్ట్జ్ అని గానీ, 1 మిల్లీసెకను అని గానీ రాసి లేకపోతే తిరిగిచ్చేయండి. డీపీఐ ఎంత పెద్ద అంకె రాసినా పట్టించుకోకండి, మీరు వాడేది 800. కీబోర్డ్‌కి వైరు వెనక నుంచి ఊడొచ్చే టైప్-సీ అయితే మంచిది, పాడైతే ఫోన్ కేబుల్ పెట్టుకోవచ్చు. మౌస్ డబ్బాలో ఎక్స్‌టెన్షన్ వైరు లేకపోతే అక్కడే ఒకటి విడిగా అడిగి తీసుకోండి, ఖరీదు తక్కువే. ఇంటికెళ్లాక డాంగిల్ మాత్రం క్యాబినెట్ వెనక పెట్టొద్దు.